ఎడమ పక్క ఎండ

కెజియాకి ఎండ తగలకూడదని విజయవాడ డాక్టరు చెప్పి రెండేళ్లు దాటింది. జబ్బు పేరు లూపస్. ఒంటిని కాపాడవలసిన శక్తే పొరబడి ఒంటి మీదికి తిరగబడుతుందని ఆయన వివరించాడు. ఎండ సోకిందంటే బుగ్గలు కందిపోతాయి, వేళ్ల కణుపులు బిగుసుకుపోతాయి, రెండు రోజులు జ్వరం, ఆపైన వారం నీరసం. రోజూ మాత్రలు మింగుతూ, మణికట్టు దాకా చేతులున్న జాకెట్లు కుట్టించుకుని, గొడుగు లేకుండా గడప దాటకుండా ఆమె ఉద్యోగం నెట్టుకొస్తోంది.

ఆమె లెక్కల టీచరు. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో, కొల్లేటి లంక ఊరి హైస్కూల్లో పని. భర్త ఆనంద్ పాల్ కైకలూరులోనే ఒక సహకార బ్యాంకులో గుమాస్తా. ఇల్లు వట్లూరులో. పొద్దున ఎనిమిది కాకుండానే ఇద్దరూ కారులో బయల్దేరతారు. అతను ఆమెను బడి దగ్గర దించి ముందుకు పోతాడు, సాయంత్రం ఎక్కించుకొస్తాడు. ఆమెకు బస్సు ఎక్కే బాధ తప్పాలనే ఆ పాత తెల్ల కారు కొన్నాడు. కారులో ఉంటే నీడలో ఉన్నట్టేనని ఇద్దరూ అనుకున్నారు.

మొన్న నవంబరులో చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు ఆమె మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎడమ బుగ్గ మీదే ఎక్కువగా ఉందేంటమ్మా? ఎడమ చెయ్యి కూడా. రోజూ కారులో వెళ్తారా?"

"అవునండి."

"ఎటు కూర్చుంటారు?"

అప్పుడు వెలిగింది ఇద్దరికీ. పొద్దున దక్షిణానికి వెళ్తుంటే తూర్పు ఎండ ఎడమ పక్క నుంచి కొడుతుంది. సాయంత్రం ఉత్తరానికి తిరిగొస్తుంటే పడమటి ఎండ కూడా ఎడమ పక్క నుంచే. ముందు అద్దం చాలావరకు ఆపుతుంది గానీ పక్క అద్దాలు ఆపవని డాక్టరు చెప్పాడు. కంటికి కనిపించని యూవీ కిరణాలను ఆపే ఫిల్మ్ దొరుకుతుందని, అద్దంలాగే తెల్లగా ఉంటుందని, అది వేయించుకొమ్మని అన్నాడు.

ఈలోగా ఆమె వెనక సీట్లో కుడి పక్కకి మారి చూసింది. కొల్లేటి దారిలో రోడ్డుకు రెండు వైపులా చేపల చెరువులే. ఆ నీళ్ల మీంచి ఎండ అటు నుంచి కూడా కళ్లలోకి కొట్టింది. అద్దంలో తువ్వాలు ఇరికించి చూశారు. "మమ్మీ, మీరు కారులో బట్టలారేసుకుంటారా అని మా క్లాసు పిల్లలు అడుగుతున్నారు" అంది ఇంటర్ చదివే కూతురు జెస్సీ.

ఆనంద్ పాల్ మంచివాడు. అతనికి ఒకటే గుణం. కష్టం ఏదొచ్చినా పదిమందికి చెప్తేగానీ అతనికి ఊపిరాడదు. విజయవాడ నుంచి వస్తూ దారిలో టీ తాగడానికి ఆగినచోట మొదలుపెట్టి, ఇంటికొచ్చేలోగా ఆరుగురికి ఫోన్లు చేశాడు. ఆదివారం గుడిలో స్త్రీల సమాజం ప్రార్థనలో కెజియా పేరు, జబ్బు పేరు, ఎడమ బుగ్గతో సహా వినిపించాయి. అది అతని తల్లి హన్నమ్మ పని. ఆరాధన అయ్యాక నలుగురు ఆడవాళ్లు కెజియా గెడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశారు. ఆమె నవ్వుతూనే ఉంది. ఇంటికొచ్చి గదిలోకి పోయి తలుపేసుకుంది.

ఫిల్మ్ సంగతి తాడేపల్లిగూడెంలో ఉన్న పినతండ్రి కొడుకు ప్రభుదాసు తేల్చాడు. అక్కడ వెంకట్రాజు అనే ఆయన కార్ల సామాన్ల షాపు ఉందట, తనకు బాగా తెలుసట. రెండో శనివారం పొద్దున్నే బయల్దేరి వెళ్లారు.

వెంకట్రాజు మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్లిప్పించాడు. ఆనంద్ పాల్ నిలబడే మొత్తం చెప్పాడు, జబ్బు ఎప్పుడు బయటపడిందో అక్కడినుంచి. వెంకట్రాజు కెజియా వైపు జాలిగా చూశాడు.

"మా పిన్నిగారికి కూడా ఇలాగే ఉండేదండి. పాపం ఎక్కువ కాలం బతకలేదండి" అన్నాడు.

కెజియా మంచినీళ్ల గ్లాసు కింద పెట్టింది. "తెల్ల ఫిల్మ్ కావాలండి. యూవీ ఆపేది."

"అది స్టాకు లేదండి. హైదరాబాదు నుంచి తెప్పించాలి, పదిరోజులు పడద్ది. ఇదిగో ఇదైతే ఇప్పుడే వేసేత్తాం. ఎండ చుక్క రాదండి. యూవీ గీవీ అన్నీ ఆగిపోతాయి." అతను పరిచింది చీకటిలా నల్లగా ఉంది.

"నల్లది వేస్తే పోలీసులు ఊరుకోరు కదండీ?"

"మీకు డాక్టరు చీటీ ఉంది కదండీ. అది చూపిత్తే ఎవరు మాత్రం ఏమంటారండి?"

కెజియా భర్తను పక్కకి పిలిచింది. "ఏవండీ, వద్దండి. తెల్లది వచ్చాకే వద్దాం."

"ఇంత దూరం వచ్చాం కెజియా. మళ్లీ రెండో శనివారం దాకా నాకు ఖాళీ ఉండదు. ఈ నెలరోజులూ నువ్వు ఆ ఎండలో..." అని ఆగిపోయాడు. అతని కళ్లలో నీళ్లు తిరగడం చూసి ఆమె ఇక మాట్లాడలేదు. తర్వాత ఆమె తనను తాను ఎక్కువగా తిట్టుకున్నది ఆ ఒక్క నిమిషానికే.

సబ్బునీళ్లు చల్లి, ఫిల్మ్ అంటించి, ప్లాస్టిక్ పలకతో నీళ్లు బయటికి గీకి, వేడిగాలి మిషను పెట్టి మధ్యాహ్నానికి పని ముగించారు. వెనక అద్దం మీద అక్కడక్కడ బుడగలు నిలిచాయి. "మూడు రోజులు అద్దాలు దించకండి, వాటంతటవే పోతాయి" అన్నాడు వెంకట్రాజు. అవి పోలేదు.

అయినా నిజం చెప్పుకోవాలంటే ఆ తిరుగు ప్రయాణం కెజియాకి బాగుంది. రెండేళ్లలో మొదటిసారి మొహానికి కట్టిన స్కార్ఫు విప్పి కూర్చుంది. మధ్యాహ్నపు ఎండ బయట ఎక్కడో పడుతోంది. పుళ్ల ఊరు దాటేసరికి నిద్రపట్టింది, భీమడోలు ఎప్పుడొచ్చిందో తెలియలేదు. ఆనంద్ పాల్ పాటలు ఆపేసి, గోతుల్లో కారు మెల్లగా దించుతూ, ఆమె నిద్ర చెడకుండా ఇంటికి తీసుకొచ్చాడు.

ఎనిమిది రోజులు అలా గడిచాయి. తొమ్మిదో రోజు ఒక కానిస్టేబులు చెయ్యెత్తి ఆపాడు. ఆనంద్ పాల్ చీటీ తీసుకుని దిగాడు. కెజియా లోపలినుంచి చూస్తూనే ఉంది. అతను చేతులు తిప్పుతూ చెప్తున్నాడు. ఒకసారి తన బుగ్గ మీద వేలితో గీత గీసి చూపించాడు. కానిస్టేబులు వంగి కారులోకి చూశాడు, తల ఊపాడు, పొమ్మన్నాడు.

"చూశావా? చెప్తే అర్థం చేసుకుంటారు" అన్నాడు ఆనంద్ పాల్ స్టీరింగు ముందు కూర్చుంటూ.

"ఏం చెప్పారు?"

"అంతా చెప్పాను."

"అంతా అంటే?"

"మొదటినుంచీ."

ఆమె కిటికీ వైపు తిరిగింది.

రెండోసారి ఆపినాయన వినలేదు. ఫొటో తీసి చలానా వేశాడు, వారంలో తీయించెయ్యమన్నాడు. దానితో ఆనంద్ పాల్‌కి పట్టుదల వచ్చింది. ఎక్కడో ఒకచోట రాతపూర్వకంగా అనుమతి ఇస్తారని, అది తెచ్చి అద్దం మీద అంటించేస్తే గొడవ వదిలిపోతుందని తేల్చుకున్నాడు. సెలవు పెట్టి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. రవాణా ఆఫీసులో ఒక ఉద్యోగి ఓపికగా విని, "ఫిల్మ్‌కి అనుమతి పత్రం అని మా దగ్గర ఏమీ ఉండదండి. అద్దంలోంచి ఎంత వెలుతురు రావాలో రూల్లో ఉంది, అంతవరకే" అన్నాడు. పోలీసు ఆఫీసులో, రవాణా వాళ్లు రాసిస్తే తమకు అభ్యంతరం లేదన్నారు. మళ్లీ మొదటిచోటికి వెళితే, తనిఖీ పోలీసులదే కదండీ అన్నారు. విజయవాడ డాక్టరు ఇంకో ఉత్తరం రాసిచ్చాడు గానీ, అందులో నల్ల ఫిల్మ్ అని రాయనన్నాడు. ఆయన చెప్పింది తెల్లది మరి.

వెళ్లిన ప్రతిచోటా ఆనంద్ పాల్ కథ మొదటినుంచీ చెప్పాడు. విన్నవాళ్లలో ఒకాయన బొప్పాయి ఆకు రసం తాగించమన్నాడు. ఇంకొకాయన కెజియా నంబరు తీసుకుని, ఆమె తొమ్మిదో తరగతిలో పాఠం చెప్తుండగా ఫోన్ చేసి చింతలపూడిలో ఒక హోమియో డాక్టరున్నాడని చెప్పాడు.

"నా నంబరు ఎవరికీ ఇవ్వకండి" అని ఆమె ఆ సాయంత్రం గట్టిగానే చెప్పింది.

"పాపం, మంచి ఉద్దేశంతోనే చేశాడు కెజియా."

జనవరి చివర్లో ఒకరోజు ఆమె క్లాసు ముగించి బయటికొచ్చేసరికి వరండాలో బుల్లిరాజు నిలబడి ఉన్నాడు. ఊళ్లో చేపల చెరువులున్న రైతు. అతని కూతురు హర్షిణి పదో తరగతిలో, ముందు బెంచీలో కూర్చుంటుంది. లెక్కల్లో చురుకైన పిల్ల.

"నమస్కారమండి మేడంగారూ" అన్నాడు చేతులు జోడించి. "చిన్న మాటండి. మీరు ఏమీ అనుకోకూడదు."

"చెప్పండి."

"మా అమ్మాయిని ముందు బెంచీలోంచి కాస్త వెనక్కి మార్చండి. మా ఆవిడ గోల పెడతందండి. మీకు ఒంట్లో బాగోదంట కదా. చర్మానికి సంబంధించింది. అంటుకునేదేమో అని..."

"అది అంటుకునేది కాదండి" అంది కెజియా.

"నాకు తెలుసండి. ఆడాళ్ల భయం కదండీ, నేనేం చెయ్యను? మీరు మాత్రం ఏమీ అనుకోకండి." అతను మళ్లీ నమస్కారం పెట్టాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, ఆమెకు కోప్పడటానికి కూడా చోటు దొరకలేదు.

సాయంత్రం కారెక్కగానే అడిగింది. "బుల్లిరాజుగారికి ఎవరు చెప్పారు?"

ఆనంద్ పాల్ గేరు మార్చాడు. "లోను పని మీద బ్యాంకుకి వచ్చాడు. వాళ్ల బావ పోలీసు శాఖలో ఉన్నాడట. ఒక మాట చెప్పిస్తాడేమోనని..."

"చెప్పించాడా?"

"కనుక్కుంటానన్నాడు. ఏం, ఏమన్నా అన్నాడా?"

ఆమె చెప్పలేదు. చెప్తే అతను బాధపడి, ఆ బాధ ఇంకో పదిమందికి చెప్తాడని ఆమెకు తెలుసు. చెరువుల మీద మందు జల్లుతున్న పడవలు, గట్ల మీద గుంపులుగా కొంగలు వెనక్కి పోతున్నాయి. నల్ల అద్దంలోంచి అన్నీ ఒకే రంగులో కనిపించాయి.

ఫిబ్రవరిలో పదో తరగతికి ప్రీఫైనల్ పరీక్షలు. లెక్కల పరీక్ష సోమవారం. ప్రశ్నపత్రాలు పెట్టిన బీరువా తాళం కెజియా బ్యాగులో ఉంది. ఆ రోజు కైకలూరు రోడ్డు మొదట్లో ఎస్సై నలుగురు కానిస్టేబుళ్లతో నిలబడి బళ్లు ఆపుతున్నాడు. వీళ్ల కారు చూడగానే పక్కకి పెట్టమన్నాడు.

ఆనంద్ పాల్ ఫైలు పట్టుకుని దిగాడు. చీటీలు, రక్తపరీక్షల కాగితాలు, డాక్టరు ఉత్తరాలు, అన్నీ కట్టగట్టి అందులో పెట్టుకున్నాడు. ఎస్సై చిన్నవాడే. మొదటి కాగితం చదివాడు కూడా.

"అర్థమైందండి. కానీ ఇందులో నల్ల ఫిల్మ్ వేసుకోమని లేదు. ఇవాళ మిమ్మల్ని వదిలితే రేపు ఇంకొకరు ఇంకో కాగితం తెస్తారు. ఇక్కడే తీసెయ్యండి, వెళ్లిపోదురు గాని."

"సార్, ఎండ తగిలితే ఆవిడ వారం మంచం మీదుంటుంది సార్."

"తెల్ల ఫిల్మ్ వేయించుకోండి. ఇది మాత్రం తీసెయ్యండి."

"మీరు ఒక్కసారి వినండి సార్. రెండేళ్ల కిందట మొదట జ్వరం అనుకున్నాం..."

రోడ్డు పక్కన ఆగిన ఆటోలోంచి ఆడవాళ్లు మెడలు చాచి చూస్తున్నారు. లారీ డ్రైవరు ఒకడు దిగివచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కెజియా గడియారం చూసుకుంది. ఎనిమిదీ ఇరవై. అద్దం కొద్దిగా దించి, "ఏవండీ, టైమవుతోంది. తీసెయ్యమనండి, వెళ్దాం" అంది.

ఆనంద్ పాల్ వెనక్కి తిరిగాడు. మొహం చెమటలు పట్టి ఉంది. "ఉండు కెజియా. సార్, మీరే చూడండి సార్, నేను అబద్ధం చెప్తున్నానేమో. కెజియా, అద్దం పూర్తిగా దించు. ఆ స్కార్ఫు తియ్యి. ఒక్కసారి సార్‌కి మొహం చూపించు."

ఎస్సై చప్పున చూపు తిప్పుకున్నాడు. "వద్దండి, అదేం వద్దు" అన్నాడు.

కెజియా తలుపు తీసుకుని దిగింది. స్కార్ఫు ఆమే విప్పి సీటు మీద పడేసింది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. దగ్గర్లో ఉన్న కానిస్టేబులు దగ్గరికి వెళ్లి, "బ్లేడు ఉందా అండి?" అని అడిగింది. అతను ఎస్సై వైపు చూసి, జేబులోంచి తీసి ఇచ్చాడు.

తను కూర్చునే పక్క అద్దంతో మొదలుపెట్టింది. అంచు దగ్గర బ్లేడు దూర్చి, గోళ్లతో పట్టుకుని లాగింది. కొంత వచ్చింది, కొంత చిరిగి అద్దానికే మిగిలింది. మళ్లీ గీకింది. అద్దం మీద గీతలు పడుతున్నాయని తెలుస్తూనే ఉంది గానీ ఆగలేదు.

"మేడం, మీరు లోపల కూర్చోండి. మావాళ్లు తీస్తారు" అన్నాడు ఎస్సై.

"పరవాలేదండి. రూలు అందరికీ ఒకటే కదా."

ఆనంద్ పాల్ పరిగెత్తి గొడుగు తెచ్చి ఆమె తల మీద పట్టాడు.

"గొడుగు అవతల పెట్టండి" అంది ఆమె. అరవలేదు, మామూలుగానే అంది. అతను గొడుగు ముయ్యలేదు, పట్టనూలేదు. అలాగే పక్కన నిలబడిపోయాడు.

వెనక అద్దం కానిస్టేబులు పీకాడు. ఫిల్మ్‌తో పాటు అద్దం మీది మంచు కరగడానికి ఉండే సన్నటి తీగలు కూడా ఊడి వచ్చాయి. అంతా అయ్యేసరికి ఎనిమిదీ నలభై అయింది. దారి పొడుగునా అద్దాల మీద జిగురు చారల్లోంచి ఎండ నేరుగా లోపలికి పడుతూనే ఉంది.

పరీక్ష అరగంట ఆలస్యంగా మొదలైంది. హెడ్మాస్టరు పిల్లల ముందే, "బాధ్యత ఉండాలి కదమ్మా" అన్నాడు. మూడు గంటలూ నిలబడే పరీక్ష చేయించింది. సాయంత్రానికి బీరువా తాళం తిప్పడానికి వేళ్లు వంగలేదు.

ఆ రాత్రికే జ్వరం వచ్చింది. నాలుగు రోజులు లేవలేదు. రెండు బుగ్గలూ కాలినట్టు అయ్యాయి. ఐదో రోజు మధ్యాహ్నం ఆనంద్ పాల్ జావ తెచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఎందుకంత పంతం కెజియా? వాళ్లే తీసేవాళ్లు కదా. కావాలని ఎండలో నిలబడ్డావు."

"మీరు నా మొహం చూపించమన్నారు."

"వాళ్లు నమ్మాలని..."

"నమ్మకపోతే ఏమైంది? ఫిల్మ్ పీకేస్తారు. అంతేగా. పీకించుకుని వెళ్లిపోయేవాళ్లం. నా మొహం ఏమన్నా బస్ పాసా, ఆపినచోటల్లా తీసి చూపించడానికి?"

"నీకోసమే కదా ఇన్ని ఆఫీసులు తిరిగాను."

"నాకోసమే. కాదనలేదు. నన్నొక్క మాట అడిగారా? గూడెంలో వద్దన్నాను. వేయించారు. నంబరు ఇవ్వొద్దన్నాను. అప్పటికే ఇచ్చేశారు. బుల్లిరాజుగారు వచ్చి వాళ్ల అమ్మాయిని నాకు దూరంగా కూర్చోబెట్టమన్నారు. తెలుసా మీకు?"

అతనికి తెలియదు. జావ గిన్నెలో చెంచా తిప్పాడు.

"నాకు ఏం చెయ్యాలో తెలియట్లేదు" అన్నాడు. "జబ్బు నీకు వచ్చింది. మందులు డాక్టరు ఇస్తున్నాడు. నేను చెయ్యడానికి ఏమీ లేదు. కారు తోలడం తప్ప. నలుగురికీ చెప్తే ఎవరో ఒకరు ఒక దారి చూపిస్తారని..."

ఆమెకు అతని మీద జాలి కలిగింది. కోపం మాత్రం పోలేదు. రెండూ ఒకేసారి ఉండటం ఆమెకు ఇంకా చిరాకు పుట్టించింది.

"ఇక మీదట ఎవరికి చెప్పాలన్నా నన్నడిగి చెప్పండి. ఎవరికైనా సరే."

గుమ్మంలో హన్నమ్మ ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. "స్త్రీల సమాజం వాళ్లు అడుగుతున్నారమ్మా, ఎలా ఉందని."

"బాగుందని చెప్పండి అత్తయ్యా."

"అబద్ధం చెప్పమంటావా?"

"అయితే నాకే ఫోన్ చెయ్యమనండి. నేను చెప్తాను."

హన్నమ్మ కొడుకు వైపు చూసింది. అతను తల వంచుకున్నాడు. ఆమె ఫోన్‌లో, "ఆవిడతోనే మాట్లాడండి వదినా" అని పెట్టేసింది.

మంచం మీద ఉన్న రోజుల్లోనే కెజియా జెస్సీని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్‌లో వెతికింది. పక్క అద్దాల్లోంచి నూటికి యాభై వంతులు, ముందూ వెనకా అద్దాల్లోంచి డెబ్బై వంతుల వెలుతురు రావాలని రూల్లో ఉంది. ఫిల్మ్ అసలే ఉండకూడదని కొందరు, ఆ లెక్క సరిపోతే ఉండొచ్చని కొందరు రాశారు. నాలుగు కంపెనీల వాళ్లకు తనే ఫోన్ చేసింది. తెల్ల ఫిల్మ్ వేసేవాడు ఏలూరులోనే ఉన్నాడని తేలింది. ఇంటికి పదిహేను నిమిషాల దూరం. ఇది తెలిసినప్పుడు ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది.

షాపు నడిపే కుర్రాడి పేరు పృథ్వీ. సాయంత్రం పొద్దు వాలాక జెస్సీని తీసుకుని ఆమే వెళ్లింది. ఆనంద్ పాల్ కారు తెచ్చి పెట్టి, బయట స్టూలు మీద కూర్చున్నాడు.

"యూవీ ఆపాలి. వెలుతురు డెబ్బై పైన ఉండాలి. మీటరు పెట్టి నాకు చూపించాలి. బిల్లు మీద రకం పేరు రాసివ్వాలి" అంది.

"అలాగే మేడం. కానీ ముందే చెప్తున్నా, ఇది వేసినా వేసినట్టు ఉండదు. తర్వాత వేయించుకున్నోళ్లు గొడవ పెట్టుకుంటారు. మీకెందుకు మేడం ఇదే కావాలి?"

"ఎండ ఎక్కువ కదా" అంది కెజియా. అంతే. స్టూలు మీద ఆనంద్ పాల్ కదిలాడు గానీ నోరు విప్పలేదు.

పాత జిగురు తియ్యడానికే రెండు గంటలు పట్టింది. ఎడమ అద్దం మీద ఆమె గీసిన గీతలు పోలేదు. వెనక అద్దం తీగలు ఇక పనిచెయ్యవన్నాడు పృథ్వీ. ఫిల్మ్ వేశాక మీటరు పెడితే పక్క అద్దాలకి డెబ్బై ఒకటి చూపించింది.

ఆదివారం గుడికి వెళ్తూ హన్నమ్మ అద్దాన్ని వేలితో తట్టి చూసింది. "ఏం వేశారే ఇది? ఎండ ఎలా కొట్టేది అలాగే కొడతంది. ఆ నల్లదే నయం." వేడి విషయంలో ఆమె మాట సగం నిజమే. కెజియా పొడుగు చేతుల జాకెట్టు మానలేదు, స్కార్ఫు పూర్తిగా వదల్లేదు. అద్దం ఆపుతున్నది కంటికి కనిపించేది కాదు కాబట్టి, నమ్మకంగా ఉండటం ఆమెకూ కష్టంగానే ఉంది.

బడికి తిరిగి వెళ్లిన రోజు పదో తరగతిలో సుద్దముక్క తీసుకునే ముందు ఆమె పిల్లల వైపు తిరిగింది. "నాకు ఎండ పడని జబ్బు ఉంది. ఎవరికీ అంటుకోదు. ఇంట్లో అడిగితే టీచరే చెప్పారని చెప్పండి" అంది. "పుస్తకాలు తియ్యండి. త్రికోణమితి" అంది. హర్షిణి పరీక్షలయ్యేదాకా వెనక బెంచీలోనే కూర్చుంది. నాన్న మాట దాటలేదు. కానీ లెక్క రానప్పుడల్లా నోటుపుస్తకం పట్టుకుని తిన్నగా బల్ల దగ్గరికి వచ్చి, ఆమె మోచేతికి ఆనుకునే నిలబడేది.

ఏప్రిల్ మొదటివారంలో మళ్లీ ఆపారు. ఈసారి పెద్ద వయసు కానిస్టేబులు. ఎడమ అద్దం మీద గీతలు చూసి అనుమానపడ్డాడు. వేలితో గీకాడు.

"ఫిల్మ్ ఉందా సార్?"

ఆనంద్ పాల్ నోరు తెరిచాడు. కెజియా చూస్తూ ఉంది. అతను గుటక వేసి, "ఉందండి. తెల్లది. ఇదిగోండి బిల్లు. కావాలంటే మీటరు పెట్టి చూసుకోండి" అన్నాడు.

"మీటరు మా దగ్గర లేదండి. అసలు ఎందుకు వేయించారు?"

"ఎండకండి."

కానిస్టేబులు బిల్లు అటూ ఇటూ తిప్పాడు. ఫోన్‌లో ఎవరినో అడిగాడు, అవతలివాళ్లు ఎత్తలేదు. మళ్లీ చేశాడు. పది నిమిషాలు గడిచాయి. వెనక ఆగిన బళ్లు హారన్లు కొడుతున్నాయి. "నల్లగా అయితే లేదు. ఇవాళ్టికి వెళ్లండి. మా సార్ ఉంటే ఏమంటారో నాకు తెలియదు" అని బిల్లు తిరిగిచ్చాడు.

అంటే రేపు ఇంకొకరు ఆపవచ్చు, ఎల్లుండి తీసెయ్యమనవచ్చు. ఆనంద్ పాల్ విసురుగా తలుపు వేసుకుని కూర్చున్నాడు. స్టీరింగు మీద రెండుసార్లు గుద్దాడు. "ఇవాళ్టికి అట. ఇవాళ్టికి!" అన్నాడు. కాసేపాగి, ఆమె వైపు చూడకుండానే, "నేనేం చెప్పలేదుగా" అన్నాడు.

"విన్నాను" అంది కెజియా. "పోనివ్వండి, బెల్లు కొట్టేస్తారు."